బాసెంజీ పిల్ల క్రేట్ తలుపు వేస్తే చాలు కేకలు: రాత్రి ఏం చేయాలి, పగలు ఏం నేర్పాలి?

కొలంబస్_కాపురం:

అందరికీ నమస్తే. మా ఇంటికి శనివారం బాసెంజీ జాతి కుక్కపిల్ల వచ్చింది. మగపిల్ల, 9 వారాలు, బరువు 3 కిలోల దగ్గర. ఒహాయోలో, రెండో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. 36 అంగుళాల ఇనుప తీగల క్రేట్ (కుక్కని పడుకోబెట్టే బోను లాంటి పెట్టె) కొని హాల్లో పెట్టి, లోపల మెత్తటి పరుపు వేశాం. రాత్రి పదిన్నరకి లోపల పెట్టి తలుపు వేస్తే నిమిషంలో మొదలవుతుంది. అది ఏడుపు కాదండీ, ఎవరినో గొంతు పిసుకుతున్నట్టు కేక. అరగంట దాటినా ఆగదు. పరుపులోంచి దూది పీకేసింది, ఓ మూల ఒకటికి పోసి ఇంకో మూల కూర్చుంటోంది. పైన దుప్పటి కప్పితే దాన్ని సందుల్లోంచి లోపలికి లాక్కుని నమిలింది. మొరగని జాతి అని తెచ్చుకుంటే కింద ఇంటివాళ్లు అప్పుడే అడిగారు, ఏమైందని.

అత్తయ్యగారు, మామయ్యగారు మా దగ్గరే ఉన్నారు. "పసిదాన్ని బోనులో వేస్తారా" అని అత్తయ్యగారు అది అరవగానే తలుపు తీసేస్తున్నారు. బయట మంచు, అక్కడ కాలు పెట్టదు. లోపలికి వచ్చి కార్పెట్ మీద కానిచ్చేస్తుంది. నాకు వచ్చే వారం నుంచి వారానికి రెండు రోజులు ఆఫీసు. అరిచినా పట్టించుకోకుండా వదిలేయమని ఒకరు, అసలు క్రేటే వద్దని ఇంకొకరు. ఏది నమ్మాలి?

సైట్‌హౌండ్_సంగతులు:

అరిచి అరిచి అదే ఊరుకుంటుందన్న సలహా చాలా జాతుల్లోనే అనుమానం, బాసెంజీకైతే అసలు పనికిరాదు. ఇది కాంగో అడవుల్లో మనిషి కనుచూపు దాటి ముందుకెళ్లి జంతువుని వలవైపు తరిమిన జాతి. చప్పుడు చేయదు కాబట్టి ఎక్కడుందో తెలియడానికి మెడకి గంట కట్టేవాళ్లు. ఏం చేయాలో తనే తేల్చుకునే కుక్క. మూసిన తలుపుని భయంతో ఒకసారి ముడిపెట్టుకుందంటే ఆ ముడి విప్పడానికి వారాలు పడుతుంది. ఇక మొరగదు అంటే గొంతు లేదని కాదు. స్వరపేటిక నిర్మాణం వేరు కాబట్టి వరసపెట్టి భౌభౌమనదు, అంతే. రాగం తీస్తుంది, ఊళ వేస్తుంది, భయపడితే మీరు విన్న కేక పెడుతుంది.

ముందు క్రేట్ సంగతి. పెద్దయ్యాక మగ బాసెంజీ ఎత్తు 17 అంగుళాలు, బరువు 11 కిలోలు ఉంటుంది. దానికి 30 అంగుళాల క్రేట్ సరిపోతుంది. 36 తప్పేం కాదు గానీ లోపలి చోటు తగ్గించే డివైడర్ పలక లేకుండా వాడకూడదు. చాలా తీగల క్రేట్లతో పాటే వస్తుంది, మీది పెట్టె అడుగున ఉందేమో చూడండి. పిల్ల నిలబడాలి, గుండ్రంగా తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. అంతకంటే చోటు ఉంటే మీరు చెప్పినట్టే ఓ మూల పడకగది, ఓ మూల దొడ్డి చేసుకుంటుంది. దూది పరుపు తీసేయండి. మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. ఒకటి రెండు పాత టవళ్లు చాలు, వాటినీ పీలికలు చేసి మింగుతుంటే కొన్నాళ్లు ఒట్టి ట్రే మీదే పడుకోబెట్టండి. ట్రేకీ నేలకీ మధ్య రబ్బరు చాపో యోగా మ్యాటో వేస్తే గీరుడు చప్పుడు కింద ఇంటికి సగం తగ్గుతుంది.

రాత్రికి హాల్లో వద్దు. మీ మంచం పక్కన, మీ తల ఎత్తుకి, కదలని బల్ల మీద పెట్టండి. మొన్నటిదాకా తోబుట్టువుల మీద కుప్పగా పడుకున్న పిల్ల అది. ఒంటరితనం, చలి, కొత్త చోటు మూడూ ఒకేసారి వచ్చి పడ్డాయి. పెంపకందారు దగ్గర తల్లి వాసన ఉన్న గుడ్డ ఇచ్చి ఉంటే అదే వేయండి, ఉతక్కండి. పడుకోబెట్టే ముందు టవల్‌ని డ్రయర్‌లో ఐదు నిమిషాలు తిప్పి వెచ్చగా ఉండగానే వేయండి. బాసెంజీకి పొట్టి వెంట్రుకలు, చలికి ఓర్చుకోలేదు. మీరు ఏడుపు అనుకునేదాంట్లో కొంత చలే అయి ఉంటుంది. క్రేట్ కిటికీ కిందా వద్దు, హీటర్ గాలి నేరుగా తగిలే చోటా వద్దు.

దుప్పటి కప్పాలంటే సందుల దగ్గర వేలాడేలా వేయకూడదు. క్రేట్ కంటే నాలుగైదు అంగుళాలు పెద్ద అట్ట ముక్క పైన పెట్టి, దాని మీదుగా దుప్పటి వేస్తే మూతికి అందదు. మీవైపు మాత్రం తెరిచే ఉంచండి. మీరు కనబడాలి.

వేళలు ఇలా పెట్టుకోండి. ఆఖరి తిండి ఏడింటికి, నీళ్ల గిన్నె తొమ్మిదింటికి తీసేయండి, పదకొండుకి కిందికి. ఆ తర్వాత అలారం: ఒకటి రెండింటికి, ఇంకోటి ఐదింటికి. అది అరిచాక లేవడం కాదు, అరవకముందే మీరు లేవాలి. అప్పుడు తలుపు తీయించేది అరుపు కాదని దానికి తెలుస్తుంది. లైట్ వేయొద్దు, మాట్లాడొద్దు, ఎత్తుకుని కిందికి, ఐదు నిమిషాలు, పని అయ్యాక ఒక కిబుల్ (పొడి కుక్కతిండి) గింజ, తిరిగి లోపలికి. రెండు మూడు రాత్రులు టవల్ పొడిగా ఉంటే అలారాన్ని పావుగంట ఆలస్యంగా పెట్టండి. మొదటి నాలుగు రాత్రులు ఒక చెయ్యి క్రేట్ సందులో పెట్టుకునే పడుకోవాల్సి వస్తుంది, చేదుగా ఉన్నా అదే దగ్గరి దారి.

అసలు నేర్పడం జరిగేది పగలు. రోజూ తినే కిబుల్‌లో సగం గిన్నెలో పెట్టకండి, క్రేట్‌లోకి వెళ్లడానికి ఖర్చు పెట్టండి. తలుపు తాడుతో వెనక్కి కట్టేసి ఒక గింజ లోపలికి విసరండి. వెళ్లి తిని బయటికి రానివ్వండి, పిలవకండి, తొయ్యకండి. ఆరేడు గింజలు, ఆపేయండి. రోజుకి అలా ఐదారు సార్లు. రెండో రోజుకి గింజ విసరకముందే లోపలికెళ్లి మీ మొహం చూస్తుంది. అప్పుడే వెనక తీగల్లోంచి వరసగా నాలుగు గింజలు ఇవ్వండి. లోపల ఉంటేనే లాభం అన్న లెక్క దానికి అక్కడ తెలుస్తుంది. తలుపు విషయం ఆ తర్వాతే.

పశువైద్య_సహాయకి:

ఇనుప తీగల మధ్య పిల్లను మూసే ముందు మెడ పట్టీ, దానికి వేలాడే పేరు బిళ్ల రెండూ తీసేయండి. బిళ్ల సందులో ఇరుక్కుని ఊపిరాడకపోవడం జరిగే ప్రమాదమే. హార్నెస్ కూడా వద్దు.

క్రేట్‌లో పోస్తోందని మొండితనం అనుకునే ముందు ఒక పరీక్ష. అరగంటకోసారి కొద్దికొద్దిగా, మూలుగుతూ పోస్తుంటే మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. మలం నీళ్లలా, జిగటగా ఉంటే జియార్డియా లాంటి పరాన్నజీవి. ఈ రెండూ ఉన్నంతవరకు ఏ శిక్షణా పని చేయదు. మొదటి చెకప్‌కి తాజా మలం, వీలైతే మూత్రం తీసుకెళ్లండి. బొడ్డు దగ్గర మెత్తటి బుడిపె కనిపిస్తే కంగారుపడకండి. బొడ్డు హెర్నియా ఈ జాతిలో మామూలు. వేలితో నొక్కితే లోపలికి వెళ్తోందా, గట్టిగా వేడిగా ఉందా అన్నది డాక్టరు చూస్తారు.

బాసెంజీ కాబట్టి ఇంకో మాట. ఫాంకోనీ అనే కిడ్నీ జబ్బు ఈ జాతికి ఉంది. మూత్రంలో చక్కెర పోతుంది, దాహం, మూత్రం విపరీతంగా పెరుగుతాయి. సాధారణంగా నాలుగేళ్లు దాటాక బయటపడుతుంది గనక మీ పిల్ల క్రేట్ తడపడానికి అది కారణం కాదు. కానీ తల్లిదండ్రుల డీఎన్‌ఏ ఫలితం పెంపకందారుని అడిగి ఇప్పుడే ఫైల్లో పెట్టుకోండి. ఇద్దరిలో ఒకరు "క్లియర్" (ఆ జబ్బు జన్యువు లేదని) అయినా పిల్లకి ఆ జబ్బు రాదు.

తిండి సంగతి అత్తయ్యగారికి చెప్పాల్సింది ఇది: ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, పప్పు ఏదీ వద్దు. కిస్‌మిస్ ఉన్న లడ్డూ, పరమాన్నం అసలు వద్దు, ద్రాక్ష కిడ్నీలని దెబ్బతీస్తుంది. తాలింపు లేని, ఉప్పు లేని పెరుగు ఒక చెంచా పరవాలేదు. పీనట్ బటర్ కొంటే డబ్బా వెనక చదవండి. జైలిటాల్ అని గానీ బర్చ్ షుగర్ అని గానీ ఉంటే కుక్కకి విషం.

టీకాల వరస 16 వారాల దాకా సాగుతుంది. అప్పటివరకు అపార్ట్‌మెంట్ కుక్కలన్నీ వాడే గడ్డి మీద దించొద్దు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మంచుకి చావదు.

కొలంబస్_కాపురం:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. డివైడర్ దొరికింది. క్రేట్ పడకగదిలోకి మార్చాం, రాత్రి తేడా తెలుస్తోంది. చెయ్యి తీస్తే కాసేపు కుయ్‌కుయ్‌మని పడుకుంటోంది. పగలు తలుపు తెరిచి ఉంటే తనే వెళ్లి తింటోంది. కానీ తలుపు ముందుకి కదిలిస్తే చాలు, నోట్లో ఉన్న గింజ వదిలేసి బయటికి దూకేస్తుంది. గడియ చప్పుడు వింటే పక్క గదిలోంచి కూడా పారిపోతుంది. ఇక్కడ ఆగిపోయాం. ఇంకా మంచు సంగతి, ఆఫీసు సంగతి?

రాగాల_రాయుడు:

గడియ చప్పుడుకే పారిపోతోందంటే మొదటి రాత్రుల భయం ఆ చప్పుడుకి అంటుకుంది. చప్పుడునీ తలుపునీ విడదీసి నేర్పండి. పిల్ల క్రేట్‌కి దూరంగా ఆడుకుంటుంటే గడియ ఒకసారి టక్‌మనిపించి, వెంటనే ఉడికించిన చికెన్ గోరంత ముక్క నేల మీద వేయండి. టక్, ముక్క. టక్, ముక్క. క్రేట్‌లోకి రమ్మనొద్దు. చప్పుడు వినగానే మీవైపు తిరిగి తోక విప్పుకుంటూ వస్తే ఆ పని అయినట్టు. (బాసెంజీ తోక చుట్ట వదులైందంటే పడుకోబోతోందనో బిగువు పోయిందనో లెక్క, చెవుల కంటే నాకు అదే నమ్మకం. కాళ్ల మధ్యకి దించితే మాత్రం భయం.)

తలుపుకి వేరే మెట్లు. అది లోపల తింటుండగా తలుపు మీద చెయ్యి వేసి తీసేయండి. తర్వాత నాలుగు అంగుళాలు కదిపి వెనక్కి. తర్వాత సగం. తర్వాత పూర్తిగా వేసి, గడియ పెట్టకుండా, వెనకవైపు నుంచి ఒక గింజ ఇచ్చి తెరవండి. ఎక్కడ నమలడం ఆపితే అక్కడికి ఒక మెట్టు ముందు ఆగాలి. తినడం ఆపడమే మీ థర్మామీటర్. గడియ పెట్టాక 3 సెకన్లు, 10, 5, 20, 8, 40 ఇలా పెంచుతూ తగ్గిస్తూ వెళ్లండి. ఊరికే పెంచుకుంటూ పోతే ప్రతిసారీ కష్టమవుతోందని అది పసిగడుతుంది. రెండు నిమిషాలు దాటాక నమలడానికి ఏదైనా వెనక తీగలకి కట్టండి. కాంగ్ రబ్బరు బొమ్మలో నానబెట్టిన కిబుల్, చెంచాడు పెరుగు కలిపి ఫ్రిజ్‌లో గట్టిపరిచి, చిన్న కన్నంలోంచి తాడు తీసి కడితే సరి. తాడు పొట్టిగా, ముడి బయటివైపు ఉండాలి. వస్తువు బయటికి రాదు, అది అక్కడే పడుకుని నాకాలి. నాకుతూ నిద్రలోకి జారే వేళ చూసుకోండి. 9 వారాల పిల్ల రోజుకి 18 గంటలు పడుకోవాలి. ముప్పావుగంట మెలకువ, తర్వాత నిద్ర. కళ్లు మూతపడుతూ పిచ్చిగా కొరకడం మొదలెట్టిందంటే వేళ దాటిపోయింది.

ఒక్క విషయంలో పైన చెప్పినదానికి తేడాగా చెప్తాను. తీగల క్రేట్ ఈ పిల్లకి సరైందా అని నాకు అనుమానం. మూసి ఉన్నప్పుడు తీగలు కొరికి లాగుతోందా? మూతి మీద చర్మం లేచిందా, చిగుళ్లలో రక్తం ఉందా? బాసెంజీలు పళ్లతో తీగలు వంచి, సందులో తల దూర్చి ఇరుక్కుంటాయి. పక్కలు మూసి ఉండే, విమానాల్లో వాడే గట్టి ప్లాస్టిక్ క్రేట్ చాలా పిల్లలకి గుహలా అనిపిస్తుంది. అదైతే పైన కప్పాల్సిన పనే ఉండదు. పాత క్రేట్ మీద భయం గట్టిగా అంటుకుని ఉంటే కొత్త వస్తువుతో మళ్లీ మొదలెట్టడం త్వరగా తెములుతుంది.

అది దేనికి భయపడుతోందో తేల్చుకోవడం కూడా ముఖ్యం. తలుపు వేసి, మీరు క్రేట్ పక్కనే కూర్చోండి. అప్పుడూ కేకలేనా? అయితే మూసేయడమే బాధ. ఇంకోసారి వంటగదిని గేటుతో మూసి, క్రేట్ తెరిచి ఉంచి, దాన్ని అక్కడ వదిలి రెండు నిమిషాలు ఇంటి బయటికి వెళ్లి ఫోన్ కెమెరాలో చూడండి. ఇక్కడ కేకలైతే ఒంటరితనం బాధ, క్రేట్‌ని తప్పుపట్టి లాభం లేదు. అరుపులోనూ తేడా ఉంటుంది. సాగదీస్తూ, మధ్యలో ఆగి మీరు వస్తున్నారా అని వింటుంటే అది గొణుగుడు, ఒక నిమిషం చూడొచ్చు. గ్యాప్ లేకుండా అరుస్తూ, చొంగ కారుస్తూ, వగరుస్తుంటే తీసేయాలి. అప్పుడు తీస్తే చెడిపోతుందనేది ఒట్టి మాట. మళ్లీ మొదలెట్టేటప్పుడు సులువైన మెట్టు నుంచి మొదలెట్టాలి, అంతే.

సైట్‌హౌండ్_సంగతులు:

ప్లాస్టిక్ క్రేట్ మాట నిజమే, తీగలు కొరుకుతుంటే రేపే మార్చండి. క్రేట్‌కి బదులు ఆటకంచె పెడదామనుకుంటే ఒక హెచ్చరిక. మూడు నాలుగు నెలలకే బాసెంజీ పిల్లి ఎక్కినట్టు ఎక్కేస్తుంది. 36 అంగుళాల కంచె దానికి నిచ్చెన. 48 అంగుళాలది, పైన మూత ఉన్నదే కొనాలి.

మంచు. బాసెంజీ పిల్లలు ఎక్కువగా ఏడాది చివర్లో పుడతాయి, ఆడవాటికి ఎద ఏడాదికి ఒక్కసారే కదా. అందుకే మీ దేశంలో ఈ జాతి పిల్లలకి ఒకటికి రెంటికి నేర్పడం సరిగ్గా చలికాలంలో పడుతుంది. తడి గడ్డంటేనే పెద్దవి కూడా వెనక్కి లాగుతాయి. ఎవరి కుక్కా తిరగని చోట మూడడుగుల చదరం మంచు పారతో తీసి గడ్డి కనబడేలా చేయండి. స్వెటర్ తొడిగి ఎత్తుకెళ్లి అక్కడే దించండి, లీష్ పట్టుకుని కదలకుండా నిలబడండి. మీరు నడిస్తే అది ఆట అనుకుంటుంది. ఐదు నిమిషాల్లో కాకపోతే లోపలికి ఎత్తుకురండి, కానీ నేల మీద వదలొద్దు. పది నిమిషాలు ఒళ్లో ఉంచుకుని మళ్లీ కిందికి. కార్పెట్ ప్రమాదాలు ఎక్కువ ఆ పది నిమిషాల్లోనే. నిద్ర లేవగానే, తిన్న పావుగంటలోపు, ఆట ఆపగానే తప్పకుండా తీసుకెళ్లండి. విపరీతమైన చలి రోజులకి బాల్కనీలో నిజం గడ్డి ట్రే పెట్టుకోవచ్చు. లోపల పేపరు, ప్యాడ్లు మాత్రం నేర్పకండి, కార్పెట్‌కీ ప్యాడ్‌కీ తేడా దానికి తెలియదు. దారిలో చల్లే ఉప్పు పాదాలు మండిస్తుంది, రాగానే తడిగుడ్డతో తుడవండి. కార్పెట్ మరకకి ఎంజైమ్ ఉన్న క్లీనరే వాడండి. అమ్మోనియా వాసన ఉన్నది వాడితే అది మళ్లీ అక్కడికే వస్తుంది.

ఆఫీసు. ఈ వయసు పిల్ల పగలు రెండు గంటలకి మించి ఆపుకోలేదు, క్రేట్‌లో ఎనిమిది గంటలు అసాధ్యం. పెద్దవాళ్లు ఇంట్లో ఉండటం మీ అదృష్టం. అత్తయ్యగారితో వాదించకండి, పని అప్పగించండి. తలుపు తెరిచే ఉంటుంది, మీరు గింజలు లోపల వేయడమే అని చెప్పండి. బోను అన్న ఆవిడే రెండు రోజుల్లో దాన్ని అందులోకి పంపుతారు. ఆఫీసు రోజు ఫ్రిజ్ మీద కాగితం అంటించండి: తొమ్మిదింటికి బయటికి, తొమ్మిదిన్నరకి నిద్ర, పదకొండుకి బయటికి, తిండి, ఒంటిగంటకి బయటికి, ఇలా సాయంత్రం దాకా. మెట్లు, మంచులో మామయ్యగారు ఎత్తుకుని దిగడం కష్టమైతే ఆ రోజులకి బాల్కనీ ట్రే.

అసలు చిక్కు ఇప్పుడు కాదు, వాళ్లు ఇండియా వెళ్లిపోయిన మర్నాడు. అప్పటిదాకా ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండదు కాబట్టి ఒంటరిగా ఉండటం దానికి రాదు. అందుకే ఇప్పటి నుంచే రోజుకోసారి అందరూ ఇంటి బయటికి నడవండి. మొదట్లో చెత్త పారేసి వచ్చేంత సేపు, ఆ తర్వాత ఉత్తరాల పెట్టె దాకా. తాళాల చప్పుడు, కోటు తొడగడం వెళ్లనప్పుడు కూడా చేస్తూ ఉండండి. వాళ్ల టికెట్ తేదీకి అది గంటన్నర నిద్రపోగలిగితే, ఆ పైన మధ్యాహ్నం వచ్చే డాగ్ వాకర్‌తో నడుస్తుంది.

కొలంబస్_కాపురం:

చూసి వచ్చాను, పై పెదవి దగ్గర చర్మం లేచింది. సందుల్లో మూతి పెట్టి రాస్తోంది. ప్లాస్టిక్‌ది ఆర్డర్ పెడుతున్నాం. పాతది దాని కంటికి కనబడకుండా తీసేయాలా?

రాగాల_రాయుడు:

తీసేయండి, గ్యారేజీలో పెట్టండి. కొత్తది రాగానే తలుపు విప్పేసి, పైభాగం కూడా ఊడదీసి కింది సగం ఒక్కటే రెండు రోజులు నేల మీద ఉంచండి. ఒట్టి తొట్టి కాబట్టి భయపడదు. అందులో పడుకోవడం మొదలెట్టాక పైభాగం, ఇంకో రోజుకి తలుపు. సైజు చూసుకోండి, ప్లాస్టిక్ వాటికి చాలావరకు డివైడర్ ఉండదు. ఇప్పుడు 24 అంగుళాలది కొని ఐదారు నెలలకి మార్చడమే నయం, పాతవి సగం ధరకి దొరుకుతాయి. పాతది కొంటే ఎంజైమ్ క్లీనర్‌తో కడగండి, వేరే కుక్క మూత్రం వాసన ఉంటే మీవాడూ అక్కడే పోస్తాడు. పార్వో భయం ఉంది కాబట్టి టీకాలు పూర్తయ్యేదాకా మాత్రం కొత్తదే తీసుకోండి. తలుపు బోల్టులు బిగించాక ఒకసారి మీరే లోపలి నుంచి తోసి చూడండి, ఈ జాతి మొదట వెతికేది అదే.